ధాత కరువు - పొదుపు ఖరీదు

మన పూర్వులు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టారు. 1832-33 నాటిది నందన కరువు. 1876లో మొదలై 1878 దాకా దక్షిణాదిని దహించినది ధాత కరువు. ఈ పేర్లలో జ్ఞాపకం ఉన్నది గాని కారణం లేదు. సంవత్సరం వచ్చింది, వాన రాలేదు, జనం పోయారు - అంతవరకే ఆ పేరు చెబుతుంది. వాన రాకపోవటం ప్రకృతి చేసిన పని. వాన రాని తరువాత కూలివాని గింజల్లో కోత పెట్టటం ప్రభుత్వం చేసిన పని. ఈ రెండింటినీ విడదీసి చూడనిదే ధాత కరువు అర్థం కాదు. ప్రభుత్వం నోట "పొదుపు" అనే మాట వినబడినప్పుడల్లా దాని అసలు అర్థమేమిటో కూడ తేలదు.

కరువులో మనుషులను బ్రతికించటం ఎలాగో ఆనాటి పాలకులకు తెలియదనుకుంటే పొరపాటు. 1873-74లో బీహారులో పంటలు పోయినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు బహు స్వల్పం. అయినా ఆయనకు దక్కినది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. 1877 జనవరిలో లిట్టన్ ప్రభుత్వం ఆ టెంపుల్‌నే మద్రాసు రాజధానికి పంపింది. ఈసారి అప్పగించినది ఖర్చు తగ్గించే పని. ఎంత ఖర్చయినా సరే ప్రాణాలు కాపాడటం తమ శక్తికి మించినదని ఆయనకిచ్చిన ఆదేశాలలోనే స్పష్టం చేశారు. అదే నెల ఒకటో తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటే దర్బారు మహావైభవంగా జరిగింది. దానికి మాత్రం పొదుపు అడ్డు రాలేదు.

అంతకు ముందే మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభు 30,000 టన్నుల ధాన్యం కొనిపించి, వర్తకంలో జోక్యం చేసుకున్నారని పైనుంచి మందలింపు తిన్నాడు. టెంపుల్ వచ్చిన తరువాత సహాయపు పనుల పట్టీల నుంచి లక్షలమంది పేర్లు తొలగిపోయాయి. మిగిలినవారి కూలి తగ్గింది. రోజంతా కష్టపడిన మగవానికి ఒక పౌను గింజల విలువ, పైన కొద్ది చిల్లర. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. దీనికే "టెంపుల్ కూలి" అని పేరు. పని కావాలన్నవాడు ఇంటికి పది మైళ్ళకు మించిన దూరానికి పోవాలన్న నిబంధన కూడ తోడయింది. నిజంగా ఆకలిగొన్నవాడెవడో తేల్చటానికి ఇదొక పరీక్ష అట!

ఈ పరీక్షను కూలివాని ఇంటి వైపు నుంచి చూడండి. ఇంట్లో ముసలితల్లి ఉంటుంది, చంటిబిడ్డ ఉంటుంది, బక్కచిక్కిన ఎద్దు ఉంటుంది. పది మైళ్ళ అవతల పనికి పోవటమంటే వీరిని వదిలివెళ్ళటం. పోకపోతే ఆకలి. ఎద్దును అమ్మితే వాన వచ్చిన ఏడు దుక్కి లేదు. గిన్నె, చెంబు అమ్మితే వచ్చే గింజలు నాలుగు పూటలకు చాలవు. ప్రభుత్వం పద్దులో మిగిలిన అణా ఈ ఇంట్లో ఒక్కొక్క వస్తువుగా, ఆపైన ఒక్కొక్క మనిషిగా ఖర్చయిపోతుంది. పద్దు రాసిన గుమాస్తాకు ఆ ఖర్చు కనబడదు.

కనబడిన అధికారి ఒకడు లేకపోలేదు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్, ఒక పౌను గింజలతో కష్టం చేసే శరీరం నిలవదనీ, పౌనున్నర గింజలకు తోడు పప్పు, కూరలు ఉండాలనీ వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగివచ్చి ఒకటింబాతిక పౌను గింజలు, కాస్త పప్పు ఇవ్వటానికి ఒప్పుకున్నది. అయితే చాలీచాలని తిండితో క్షీణించిన శరీరం ఆ రోజే పడిపోదు. కొన్ని నెలలకు కలరాతోనో, విరేచనాలతోనో, జ్వరంతోనో పడిపోతుంది. మరణాల పట్టీలో రోగం పేరు ఎక్కుతుంది. తగ్గించిన కూలి పేరు ఎక్కదు. కోతల వల్ల కలిగే చావులు చరిత్రలో దొరకకుండా పోవటానికి ముఖ్యకారణం ఇదేనని నా అభిప్రాయం.

జనం మౌనంగా భరించారని కూడ అనుకోరాదు. బొంబాయి రాజధానిలోని దక్కన్ జిల్లాలలో కూలీలు తగ్గించిన కూలికి పనిచేయబోమని సహాయపు పనులు వదలి వెళ్ళిపోయారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన నిలిచింది. ఆకలితో ఉన్నవారు చేసిన ఈ సమ్మె మన కార్మికోద్యమ చరిత్రలో చోటు దక్కవలసినది.

ఖజానా ఇబ్బందిలో ఉన్నదన్నమాట అబద్ధమేమీ కాదు. వెండి ధర పడిపోవటంతో రూపాయి విలువ తగ్గి, లండన్‌కు చెల్లించే హోమ్ చార్జీల భారం పెరిగింది. ప్రశ్న అది కాదు. ఆ భారం ఎవరి వీపుమీద దించారన్నదే ప్రశ్న. 1878 నాటికి మద్రాసులో మణుగు ఉప్పుపై పన్ను 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెరిగింది. రాబోయే కరువులకోసమని ఏటా కోటిన్నర రూపాయల నిధి ఏర్పరచి కొత్త పన్నులు వేశారు. మరుసటి ఏడే ఆ సొమ్ము ఆఫ్ఘన్ యుద్ధపు ఖర్చులో కలిసిపోయింది. 1879లో లిట్టన్ తన మండలిలో అధికసంఖ్యాకుల మాట తోసిపుచ్చి, ముతకరకం ఇంగ్లీషు బట్టలపై దిగుమతి సుంకం రద్దుచేశాడు. అంటే కరువు కూలికి లేని డబ్బు యుద్ధానికి ఉన్నది, మాంచెస్టరు మిల్లుదారుకు వదులుకోవటానికీ ఉన్నది. ఇది పొదుపు కాదు. ఒకరి కంచంలోది తీసి మరొకరి పెట్టెలో వెయ్యటం.

ఫలితం జనాభా లెక్కలలో నిలిచింది. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది. 1883లో కరువు నిబంధనావళి వచ్చింది. కరువులో పని కల్పించటం తన బాధ్యతేనని పరాయి ప్రభుత్వం సైతం కాగితంమీద ఒప్పుకోక తప్పలేదు.

ధాత కరువునాడు అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1882లోగాని వేరు జిల్లా కాలేదు. ఆ అనంతపురం జిల్లాలోని బండ్లపల్లెలోనే 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. నాడు దయగా విసిరిన కూలి 2005 నాటి చట్టంతో హక్కు అయింది. ఈ తేడా చిన్నది కాదు. రెండు కాలాలనూ ఒకే గాట కట్టటం నా ఉద్దేశమూ కాదు. కాని 2022-23లో సవరించిన అంచనా 89,400 కోట్లు ఉండగా, 2023-24 బడ్జెట్‌లో అదే పథకానికి 60,000 కోట్లు మాత్రమే చూపారు. 2025 చివర ఆ చట్టం స్థానంలో మరొక చట్టమే వచ్చింది. హక్కును చట్టంలో రాయటం ఒక ఎత్తు, పద్దులో నిలుపుకోవటం ఒక ఎత్తు.

మన విద్యార్థులు చరిత్రలో రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చదువుతారు. బడ్జెట్లు చదవటం కూడ నేర్చుకోవాలి. ప్రతి కోత పక్కనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ రూపాయి ఎవరి ఇంటినుంచి వచ్చింది? ఎవరి ఇంటికి పోయింది? ధాత కరువునాడు ఈ ప్రశ్నలను గట్టిగా అడిగినవారు కొద్దిమందే. నేడు అడగగలిగినవారు లక్షలలో ఉన్నారు.