సరస్సు అడుగున మిగిలిన మురుగు

స్వీడన్ దేశపు దక్షిణ భాగమున, అడవుల నడుమ, వెక్షో అను చిన్న నగరము కలదు. అచ్చటి మురుగునీరును, అవిసె నార మిల్లు వదలిన నీరును ట్రుమ్మెన్ అను సరస్సులో చాల కాలము కలియుచుండెను. 1958 నాటికి ఆ మురుగును మళ్ళించిరి. ఇక సరస్సు దానంతట అదే తేరుకొనవలెను గదా! పదేండ్లు గడచినను తేరుకొనలేదు. వేసవిలో నీరు నాచుతో పచ్చబడుచునే యుండెను.

కారణము అడుగున నున్నది. ఏండ్ల తరబడి పేరుకొనిన నల్లని పూడికలో భాస్వరము నిలువయున్నది. ఆమ్లజని లేనిచోట, ఇనుమును అంటిపెట్టుకొని యున్న భాస్వరము విడివడి నీటిలో కలియును. అదియే నాచునకు ఎరువు. బయటి మురుగు ఆగినను లోపలి ఎరువు ఆగలేదన్న మాట.

లుండ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు స్వెన్ బ్యోర్క్ మొదలగువారి సలహాపై 1970, 1971 సంవత్సరములలో గొట్టములతో పూడికను పీల్చి, మొత్తము సుమారు ఒక మీటరు మందము తొలగించిరి. దానితో వచ్చిన నీటిలో అల్యూమినియం సల్ఫేటు కలిపి, భాస్వరము అడుగునకు దిగిన పిదపనే ఆ నీటిని సరస్సులోనికి వదలిరి. ఎండిన పూడిక తోటలకు మన్నుగా అమ్ముడుపోయినది. ఏటేట చెరువు మట్టిని పొలమునకు తోలుకొను మన రైతునకు ఇందు వింత యేమియు తోచదు. నాచు తగ్గి నీరు తేటపడినది.

ఇంతలో చమురు ధరలు మండిపోయినవి. ఇండ్లను వెచ్చబరచు నగర ఉష్ణకేంద్రములో 1980లో చమురునకు బదులు చెక్కపేళ్ళను వాడనారంభించిరి. అడవులున్న చోట అది సహజమే. 1996లో శిలాజ ఇంధనములను విడనాడవలెనని నగరసభ ఏకగ్రీవముగా నిశ్చయించినది. ఇండ్ల వేడిమి విషయమున ఆ నిశ్చయము చాలవరకు నెరవేరినది. కారులు మాత్రము పెట్రోలును అంత సులభముగా వదలలేదు.