కడుపులోని చిచ్చు



ఈ దినము రాజుల యుద్ధములను గాక, మాటల చరిత్రమును గూర్చి ముచ్చటింప దలచితిని. మనస్సు కంటికి కనబడదు. కావున ప్రేమను, దుఃఖమును, ఈర్ష్యను చెప్పుటకు మనుష్యుడు కనబడు వస్తువునొకదానిని అరువు తెచ్చుకొనక తప్పదు. ఏ భాష యే వస్తువును తెచ్చుకొన్నదో చూచినచో, ఆ భాషవారి బ్రదుకు కొంత తెలియును.

మాది ధర్మవరము. ఊరి చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించెననియు, ఆయన తల్లి ధర్మాంబ పేర ఊరు వెలసెననియు ప్రతీతి. చిత్రావతి నీరు వచ్చి చెరువు నిండిన యేడు మాకు పండుగ. అయినను, కొడుకును పోగొట్టుకొన్నవానిని చూచి "గుండె చెరువైనది" అందుము. నిండు చెరువు దుఃఖమున కెట్లు చెల్లునని చిన్ననాడు నాకు వింతగా నుండెడిది. వానరాత్రి కట్ట తెగునేమో యని కావలియున్న పెద్దల మొగములు చూచిన పిమ్మట తెలిసినది: నిండుటకును తెగుటకును నడుమ దూరము స్వల్పము.

మా పట్టునేతగాండ్ర రంగుతొట్టియు నిట్టి పాఠమే చెప్పును. సంస్కృతమున రాగమనగా రంగు, ముఖ్యముగా ఎఱుపు. పట్టునూలు రంగును పీల్చుకొన్నట్లు మనస్సు పీల్చుకొన్నదే అనురాగము. స్నేహమనగా నూనె, జిడ్డు; ఆయుర్వేద వైద్యులు నేటికిని ఆ యర్థముననే వాడుదురు. శోకమను మాటకు మూలధాతువగు 'శుచ్' అనుదానికి మండుట యనియు నర్థము గలదు.

1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర రాజధాని పెనుకొండకు తరలెను. తరువాత ఈ సీమను మైసూరు హైదరు, టిప్పు ఏలిరి. 1800లో నిజాము దీనిని కుంఫిణీవారికి దత్తము చేసెను. ఏలికలు మారుచుండగా తెలుగు, కన్నడము, ఉర్దూ ఒక్క సంతలో మెలగసాగినవి. హిందూపురమున నేటికిని మూడును వినబడును. ఉర్దూవారు పగ తీరినపుడు 'కలేజా' చల్లబడినదందురు. కలేజా యనగా కాలేయము. మనము "నీ కడుపు చల్లగా" అని దీవింతుము. అది బిడ్డలు బ్రదుకవలెనను కోరిక. చల్లదనమొక్కటే, చల్లబడు చోటు వేఱు, భావము వేఱు.

కన్నడము మనకు మఱింత దగ్గఱ. మన చెవి వారికి కివి, మన పాలు వారికి హాలు. ఆ లెక్కనే మన పొట్ట వారి హొట్టె. మన చిచ్చు వారి కిచ్చు. కాని 'హొట్టెకిచ్చు' అనగా వారికి అసూయయే. మనకు కడుపుమంట అసూయయు కావచ్చును, అన్యాయమునకు రగిలిన కోపమును కావచ్చును, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి వేదనయు కావచ్చును. ఒట్టి అసూయకైనచో మనము కండ్లలో నిప్పులు పోసికొనుట యందుము.

ఈ భేదము మా యింట ఒక గాయము చేసినది. పావగడ వైపు కన్నడ కుటుంబమునకు మా పిల్లనిచ్చితిమి. వారింట బిడ్డకు నామకరణము. ఆ యేడే కొడుకును పోగొట్టుకొన్న మా పినతల్లి వెళ్లి, బిడ్డను ఒడిలో పెట్టుకొని కంట తడిపెట్టెను. ఏమని యడుగగా, తన కడుపుమంటను తనకు వచ్చిన కొలది కన్నడమున చెప్పబోయి, "హొట్టెకిచ్చు" అనెను. ఇల్లంతయు నిశ్శబ్దమైనది. బిడ్డ నాయనమ్మ బిడ్డను లాగికొనెను. దృష్టి తగులునని భయము! రెండేండ్లు రాకపోకలు నిలిచినవి.

పెనుకొండలో పుట్టి ఆ యింట మెట్టిన ముదుసలి యొకతె ఉండెను. రెండు భాషలును ఆమెకు తల్లిపాలే. ఆలస్యముగా సంగతి విని, "ఓసి పిచ్చిదానా, అది అసూయ కాదే, కడుపుకోత" అని కోడలిని మందలించి, ఆ బిడ్డను తానే ధర్మవరమునకు తెచ్చి మా పినతల్లి యొడిలో పెట్టెను. ఆ యొడి రెండేండ్లుగా ఖాళీగా నుండెను.

కావున అయ్యలారా, సరిహద్దు గ్రామములలో పంచాయితీ చెప్పువారు మీరు. పొరుగు భాషవాడు నొచ్చు మాట యన్నపుడు, తీర్పు చెప్పుటకు ముందు "మీ యింట ఈ మాటకేమి యర్థము?" అని యొక్కసారి యడుగుడు. సెలవు.