కరణం లెక్కలు – కంపెనీ నిర్ణయాలు: దత్తమండలాల రెవెన్యూ పాలనలో సమాచార వ్యవస్థ (1800–1827)

వ్యాస సంగ్రహం:
ఒక సంస్థ తీసుకొనే నిర్ణయాలకు, ఆ సంస్థకు అందే సమాచారానికి గల సంబంధం కంప్యూటర్ యుగంతో మొదలైనది కాదు. ఈస్టిండియా కంపెనీ దత్తమండలాల్లో శిస్తు నిర్ణయించిన తీరు ఈ సంబంధానికి చక్కని చారిత్రక ఉదాహరణ. గ్రామ కరణం లెక్కలు, పొలాల సర్వే, కలెక్టరు కచేరీలో జరిగిన మదింపు అనే మూడు దశలను పరిశీలించి, సమాచారం నిర్ణయానికి ఎంతవరకు దారి చూపింది, ఎక్కడ దాని శక్తి ముగిసింది అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: దత్తమండలాలు, కరణం, థామస్ మన్రో, రైతువారీ, జమాబందీ, సర్వే, సమాచార వ్యవస్థ.

1. ఉపోద్ఘాతం

1792, 1799 సంవత్సరాల మైసూరు యుద్ధాల వల్ల తనకు దక్కిన ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి అప్పగించాడు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా ఇచ్చిన ఈ ప్రాంతాలే దత్తమండలాలు. నేటి కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు, కర్నూలులో కొంత భాగం ఇందులో ఉండేవి. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అంతకుముందు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు వ్యవహారాలు నేర్చుకొన్న అనుభవం ఆయనకు ఉంది.

కొత్త పాలకుల ముందున్న ప్రశ్న ఒక్కటే: ఎవరి నుండి ఎంత శిస్తు వసూలు చేయాలి? ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టి పాలనకు కావలసిన సమాచార పరిమాణం మారుతుంది. 1802 నుండి ఉత్తర సర్కారులలో అమలైన శాశ్వత శిస్తు విధానంలో జమీందారు చెల్లించవలసిన మొత్తం ఒకసారి నిర్ణయిస్తే చాలు. ఏ రైతు ఏ చేను దున్నాడో ప్రభుత్వం ఏటా తెలుసుకోనక్కరలేదు. రైతువారీ అందుకు భిన్నమైనది. రైతుతో నేరుగా ఒప్పందం చేసుకోవాలంటే ప్రతి చేను విస్తీర్ణం, నేల రకం, నీటి వసతి, సాగుదారు పేరు కచేరీకి తెలియాలి. అందువల్ల ఈ రెండు విధానాల మధ్య వాదం భూమి హక్కులకు సంబంధించిన వాదమే కాక, ప్రభుత్వం ఎంత తెలుసుకోగలదు అనే వాదం కూడా.

2. కరణం: తొలి సమాచార కేంద్రం

కంపెనీ రాక ముందే గ్రామంలో ఒక సమాచార వ్యవస్థ ఉంది. కరణం వంశపారంపర్యంగా గ్రామ లెక్కలు రాసేవాడు. తాటాకు కవిలెలలోను, బొగ్గు పూసి గట్టిపరచిన గుడ్డతో చేసిన కడితాలలోను భూముల వివరాలు, మాన్యాలు, వసూళ్లు నమోదయ్యేవి. కడితం మీద బలపంతో రాసినదాన్ని తుడిచి మళ్లీ రాయవచ్చు. నిత్య వ్యవహారానికి ఇది సౌకర్యం. తనిఖీ చేసే అధికారికి ఇదే ఇబ్బంది.

అసలు చిక్కు లెక్క రాసే సాధనంలో కంటే రాసేవాని స్థితిలో ఉంది. కరణం ప్రభుత్వానికి లెక్క చెప్పవలసినవాడు. అదే సమయంలో మాన్యం అనుభవిస్తూ, గ్రామంలో పలుకుబడి కలిగి, ఊరి పెద్దరెడ్డితోను రైతులతోను కలిసి బతికేవాడు. సాగులో ఉన్న భూమిని బీడుగా చూపడం, మాన్యం విస్తీర్ణాన్ని పెంచి రాయడం అతనికి సాధ్యమే. ఆ పని వల్ల ఊరికి ఊరట దక్కిన సందర్భాలు ఉన్నట్లే, అతని సొంత లాభానికి ఉపయోగపడిన సందర్భాలూ ఉన్నాయి. లెక్క రాసేవాడే ఆ లెక్క ఫలితం అనుభవించేవాడైతే సమాచారం తటస్థంగా ఉండడం కష్టం.

శాశ్వత శిస్తును తెచ్చినవారు కూడా ఈ పదవి విలువను గుర్తించారు. జమీందారీ ప్రాంతాల కరణాల కోసం 1802లో 29వ రెగ్యులేషన్ చేసి, న్యాయస్థానం తీర్పు లేకుండా జమీందారు కరణాన్ని తొలగించరాదని నిర్దేశించారు. లెక్కలు ఒకే పక్షం చేతిలోకి పోకుండా కాపాడే ప్రయత్నం ఇది.

3. సర్వే: లెక్కను సరిచూసే లెక్క

కరణం మాటకు సాక్ష్యంగా మన్రో 1802లో పొలాల సర్వే ప్రారంభించాడు. 33 అడుగుల గొలుసును ప్రమాణంగా తీసుకొన్నారు. ఆ గొలుసు పొడవు, వెడల్పు గల చదరం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. ఊరూరా వేర్వేరుగా ఉన్న కొలతల స్థానంలో ఒకే కొలత రావడం వల్ల ఒక గ్రామాన్ని మరొక గ్రామంతో పోల్చే వీలు ఏర్పడింది.

కొలిచేవారి తరువాత మదింపుదారులు వచ్చేవారు. పెద్దరెడ్డి, కరణం, రైతుల సమక్షంలో మెట్ట, మాగాణి, తోట భూములను తరగతులుగా విభజించేవారు. కొలిచేవారిపై, మదింపుదారులపై పై స్థాయి ఉద్యోగులు తనిఖీ చేసేవారు. ఒకే విషయాన్ని కరణం లెక్క, కొలత, మదింపు, తనిఖీ అనే నాలుగు మార్గాలలో రాబట్టి పోల్చడం ఈ పద్ధతిలోని ముఖ్య లక్షణం. 1807 నాటికి ఈ పని కొలిక్కి వచ్చింది.

4. అంకె నుండి నిర్ణయానికి

ఇంత శ్రమతో సేకరించిన అంకెలను కూడి శిస్తుగా ప్రకటించి ఉంటే ఈ చరిత్రలో విశేషమేమీ ఉండేది కాదు. మన్రో అలా చేయలేదు. ముందు జిల్లా మొత్తానికి ఒక శిస్తు నిర్ణయించి, దానిని గ్రామాలకు, ఆపై పొలాలకు పంచే పద్ధతి అనుసరించాడు. ఆ మొత్తాన్ని నిర్ణయించడానికి పూర్వ ప్రభువుల కాలపు వసూళ్లను, కంపెనీ ఏలుబడిలోని వసూళ్లను, మదింపుదారుల అంచనాలను, తెలివిగల స్థానికుల అభిప్రాయాలను పక్కపక్కన పెట్టి చూసేవాడు.

ఇలా తేలిన మొత్తం మదింపుదారుల అంచనా కంటే సాధారణంగా 5 నుండి 15 శాతం తక్కువగా ఉండేది. దానికి కారణం స్పష్టం. ఒక్కొక్క చేనును విడిగా చూసినవాడు అది ఎంత ఇవ్వగలదో లెక్కిస్తాడు. అన్ని చేలూ ఒకే ఏడాది పూర్తిగా పండవు; ఎద్దు చచ్చినవాడు, వాన కురవని ఊరు ఆ లెక్కలో కనిపించవు. చేల అంచనాలన్నీ కూడితే వచ్చే మొత్తం, దేశం నిజంగా భరించగల మొత్తం కంటే ఎక్కువవుతుంది. పంపకం తరువాత గ్రామాధికారులను, రైతులను కచేరీకి పిలిచి ఆక్షేపణలు వినడం, అవసరమైన చోట తిరిగి పరీక్షించడం కూడా విధానంలో భాగమే.

5. అవే లెక్కలు, వేరు నిర్ణయాలు

1807 ఆగస్టు 15న పంపిన నివేదికలో మన్రో ఒక అడుగు ముందుకు వేశాడు. రైతువారీని స్థిరపరచాలంటే సర్వే శిస్తును 25 శాతం తగ్గించాలనీ, బావులు, చిన్న చెరువుల కింది సాగుకు అదనపు తగ్గింపు ఇవ్వాలనీ ప్రతిపాదించాడు. శిస్తు అధికంగా ఉంటే రైతు భూమి వదిలివేస్తాడు. భూమికి విలువ ఏర్పడదు. లెక్కలు చూపిన గరిష్ఠాన్ని వదులుకోవడమే దీర్ఘకాలంలో లాభమని ఆయన వాదం.

మద్రాసు రెవెన్యూ బోర్డు ముందున్నవి కూడా ఈ లెక్కలే. కానీ బోర్డు సభ్యుడు జాన్ హాడ్జ్‌సన్ వంటివారు గ్రామ కౌలు విధానాన్ని సమర్థించారు. ఏటా వేలాది రైతులతో లెక్క తేల్చుకోవడం కంటే గ్రామం మొత్తాన్ని ఒకరికి కౌలుకివ్వడం సులభమని వారి దృష్టి. మన్రో వెళ్లిపోయిన తరువాత మొదట మూడేళ్ల కౌళ్లు, ఆపై పదేళ్ల కౌళ్లు అమలయ్యాయి. ధరలు పడిపోయిన కాలంలో అనేక మంది కౌలుదారులు చెల్లించలేక దెబ్బతిన్నారు. సర్వే వివరాలు కచేరీలో ఉన్నా, మధ్యవర్తికి కౌలిచ్చిన ప్రభుత్వానికి వాటితో పని తప్పింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చాక రైతువారీ పునఃప్రతిష్ఠితమైంది. దత్తమండలాల్లో శిస్తు తగ్గింపు కూడా అమలుకు వచ్చింది. 1827 జూలైలో పత్తికొండ వద్ద కలరాతో ఆయన మరణించేనాటికి ఈ విధానం వేళ్లూనుకొంది.

సమాచారం ఒకటే అయినా నిర్ణయాలు రెండు కావడానికి కారణం, రెండు పక్షాలు దానిని అడిగిన ప్రశ్నలు వేరు కావడం. బోర్డు అడిగినది పాలన ఖర్చు, వసూలు సౌలభ్యం. మన్రో అడిగినది రైతు నిలదొక్కుకొనే హద్దు.

6. తదనంతర పరిణామం

రైతువారీ స్థిరపడిన కొద్దీ అడంగల్, చిట్టా వంటి గ్రామ లెక్కలు నిర్ణీత నమూనాలకు వచ్చాయి. జమాబందీ ఏటా వాటిని సరిచూసే వేదిక అయింది. అయినా తొలి అక్షరం రాసే చేయి మాత్రం కరణానిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో గ్రామాధికార వ్యవస్థను రద్దు చేసింది. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకంతో కంప్యూటరీకరణ మొదలైంది. సాధనం మారింది. అయితే తెర మీద కనిపించే వివరం పొలం గట్టు మీద నిజమా కాదా అన్న పాత ప్రశ్న మాత్రం రైతుకు మిగిలే ఉంది.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. పాలనా విధానం ఎంపిక, సమాచారం సేకరించగల శక్తిపై ఆధారపడుతుంది. శాశ్వత శిస్తు తక్కువ సమాచారంతో నడిచే విధానం; రైతువారీ అధిక సమాచారం కోరే విధానం.

2. సమాచారం నాణ్యత దానిని తొలిగా నమోదు చేసేవాని ప్రయోజనాలతో ముడిపడి ఉంటుంది. వేర్వేరు మార్గాలలో సేకరించి పోల్చడమే దానికి విరుగుడు.

3. సూక్ష్మ స్థాయి అంచనాల మొత్తం వాస్తవ సామర్థ్యాన్ని మించే ప్రమాదం ఉంది. గత వసూళ్లు, స్థానికుల అభిప్రాయం దానికి దిద్దుబాటుగా పనిచేశాయి.

4. లెక్కలు హద్దులు చూపుతాయి. ఆ హద్దులలో ఎవరి క్షేమం ముఖ్యమో తేల్చేది మాత్రం నిర్ణేతే. ఆ తేల్చిన ఫలితాన్ని అనుభవించినది లెక్క రాసిన కరణమూ కాదు, సంతకం చేసిన కలెక్టరూ కాదు. చేను దున్నిన రైతు. కనుక ఆక్షేపణ వినిపించే అవకాశం రైతుకు ఉండడం ఏ సమాచార వ్యవస్థకైనా అనుబంధం కాదు, అంతర్భాగం.