మలబద్ధకము - చరకుని నుండి ఎక్స్-రే వరకు

కృష్ణా డెల్టాలో, నేటి బాపట్ల జిల్లాలో, పిట్టలవానిపాలెము కలదు. ఇటువంటి తెలుగు పల్లెలలో ఒకప్పుడు ఇంటింట ఆముదపు సీసా ఉండెడిది. దీపమునకు, తలకు, పసిపిల్లల మాడుకు ఆ నూనెయే వాడెడివారు. పిల్లవానికి విరేచనము కాకున్నను, కడుపు నొచ్చినను తల్లులకు మొదట తోచు మందు కూడ అదియే. ‘ఆముదము త్రాగిన ముఖము’ అను పలుకుబడిని ఎరుగని తెలుగువారు అరుదు. ఈ అలవాటులో శాస్త్రమెంత, ప్రమాదమెంత అను విషయమును వైద్యచరిత్ర తెలుపుచున్నది.

ఆముదము వాడుక మిక్కిలి ప్రాచీనము. క్రీ. పూ. 1550 ప్రాంతమున వ్రాయబడిన ఈజిప్టు దేశపు ఎబెర్స్ పత్రములో దీని ప్రస్తావన కలదు. మన ఆయుర్వేదము విరేచన ద్రవ్యములను వాని బలమును బట్టి వేరుచేసినది. సుఖముగా విరేచనము చేయువానిలో తెగడ, మృదువుగా చేయువానిలో రేల, తీక్ష్ణముగా చేయువానిలో జెముడుపాలు శ్రేష్ఠమని చరకసంహిత చెప్పుచున్నది. మందిచ్చుటకు ముందు రోగి కోష్ఠము మృదువా, మధ్యమమా, క్రూరమా అని వైద్యుడు విచారింపవలెను. పిదప వచ్చిన శార్ఙ్గధరసంహిత ఈ విభజనను మరింత స్పష్టము చేసినది. కరక్కాయ మలమును పక్వముచేసి క్రిందికి నడుపును. కటుకరోహిణి గడ్డకట్టిన మలమును పగులగొట్టును. తెగడ దానిని పలుచనచేసి వెడలించును. అనగా ఒకే మందు అందరికిని తగదన్నమాట.

మందులకన్న ముఖ్యమైన మాట ఒకటి చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములో కలదు. మానవుడు బలవంతముగా ఆపరాని వేగములు 13 అని చెప్పి, వానిలో మలవేగమును కూడ చేర్చినారు. దానిని ఆపినచో కడుపునొప్పి, తలనొప్పి, ఉబ్బరము, పిక్కల నొప్పి కలుగునని, మలము బిగిసిపోవునని హెచ్చరించినారు.

ఐరోపాలో ఈ విషయము వేరొక త్రోవన నడచినది. నిలిచిన మలమునుండి విషములు రక్తములో చేరునను భయము 20వ శతాబ్ది తొలినాళ్ళలో అచ్చట ప్రబలినది. లండను శస్త్రవైద్యుడు ఆర్బత్నాట్ లేన్ కొందరు రోగుల పెద్దప్రేగునే కోసి తీసివేసెను. ఆ బాధలకు కారణము విషము కాదు, నిండిన మలాశయము నరములను కలవరపెట్టుటయే అని 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వరెజ్ వాదించెను. అంతకు ముందే, 1909లో, ఆర్థర్ హెర్ట్జ్ అను ఆంగ్ల వైద్యుడు మలబద్ధకమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. బిస్మతు కలిపిన ఆహారమును రోగులకు పెట్టి, అది ప్రేగులలో నడచు తీరును ఆయన ఎక్స్-రేలతో పరిశీలించెను. కొందరిలో ప్రేగుల నడక సరిగానే ఉన్నది; ఆటంకము చివరనున్న మలాశయములోనే కలదు. వేగమును పదేపదే ఆపుట ఇందుకు ఒక ముఖ్య కారణము. చరకసంహిత హెచ్చరికకు ఎక్స్-రే పలికిన సాక్ష్యమిది.

రెండు వైద్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూచుట తెలుగువారికి క్రొత్త కాదు. పశ్చిమ గోదావరి ప్రాంతపు ఆచంట లక్ష్మీపతి (1880-1962) మద్రాసులో పాశ్చాత్య వైద్యపట్టము పొంది, పిదప ఆయుర్వేదమునకే అంకితమైరి. దేశీయ వైద్యమును గూర్చి విచారించుటకు 1921లో మద్రాసు ప్రభుత్వము ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. దాని నివేదిక 1923లో వెలువడినది. పిదప మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల వెలసినది.

పాత మందులు పనిచేయు విధము క్రమముగా తెలిసినది. సునాముఖిలోని సెన్నోసైడులను 1941లో స్విట్జర్లాండులో ఆర్థర్ స్టోల్ వేరుచేసెను. ఇవి పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు మార్చిన పిదపనే పనిచేయును; కనుకనే రాత్రి తీసికొన్న మందు ఉదయమునకు ఫలించును. ఆముదము చిన్నప్రేగులో జీర్ణమై రిసినోలిక్ ఆమ్లమును విడుచును. అది ప్రేగు కండరములలో ఏ గ్రాహకమును తాకి వానిని కదలించుచున్నదో 2012లో జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆహారములోని పీచు మలము పరిమాణమును పెంచి, దాని నడకను త్వరపరచునని 1972లో డెనిస్ బర్కిట్, ఆయన సహచరులు చూపిరి. నేటి వైద్యులును మొదట పీచు, నీరు, పిదప మృదువైన మందు, చివరకే తీక్ష్ణమైన మందు అను వరుసనే సాధారణముగా పాటింతురు.

ఇక ప్రమాదము మాట. కడుపునొప్పి అంతయు మలబద్ధకము కాదు. ఉండుకము వాచినపుడు ఆముదము పట్టించినచో అది పగిలి ప్రాణాపాయము కలుగవచ్చును. నొప్పితోపాటు వాంతులు, జ్వరము, కడుపుబ్బు ఉన్నచో విరేచనపు మందు ఇయ్యక వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. గర్భిణులకును వైద్యుని సలహా లేక ఆముదము ఈయరాదు. జెముడుపాలు ఇంట వాడదగినవే కావు.

ఈ చరిత్ర పాఠశాలకును వర్తించును. నీరులేని మరుగుదొడ్డికి వెరచి, లేదా అడుగుటకు సిగ్గుపడి, సాయంత్రము వరకు ఆపుకొను విద్యార్థికి ఇంటిలో ఆముదము పట్టించుట వలన మేలు కొంచెమే. శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగుటకు నీరు, అడిగిన వెంటనే ఉపాధ్యాయుడిచ్చు అనుమతి - ఈ మూడును ఆ బాలునకు తొలి చికిత్స.