పొద్దు, నెల, చుక్క: మన పెద్దలు చదివిన ఆకాశం

గోండిలో సూర్యుణ్ణి ‘పొర్ద్’ అంటాం, చంద్రుణ్ణి ‘నెలెంజ్’ అంటాం, చుక్కల్ని ‘సుక్కుం’ అంటాం. తెలుగులో పొద్దు, నెల, చుక్క. ఈ మాటలు ఒకరి దగ్గర ఇంకొకరు అప్పు తెచ్చుకున్నవి కావు. రెండు భాషలూ ఒకే ద్రావిడ కుదురు నుంచి పుట్టాయి కాబట్టి రెండింటికీ వారసత్వంగా దక్కాయి. చంద్రుడి పేరే కాలాన్ని కొలిచే నెలకు పేరు అయిందంటే, ఆకాశాన్ని చూసి రోజులు లెక్కపెట్టుకోవడం ఎంత పాత అలవాటో తెలుస్తుంది. రాతలో చరిత్ర లేని జాతి అని మనల్ని అన్నవాళ్లున్నారు. మన చరిత్రలో కొంత భాగం తలెత్తి చూస్తే కనిపించే చోట ఉంది. ఈ వ్యాసంలో దాని గురించే చెప్పుకుందాం.

ముందు చంద్రుడి సంగతి. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు ఇరవైతొమ్మిదిన్నర రోజులు. అలాంటి నెలలు పన్నెండైతే 354 రోజులు. ఋతువులు తిరిగి రావడానికి మాత్రం 365 రోజులు పైచిలుకు పడుతుంది. ఏడాదికి పదకొండు రోజులు వెనకబడితే మూడేళ్లలో పండుగ ఒక నెల ముందుకు జరిగిపోతుంది. అందుకే రెండున్నర, మూడేళ్లకోసారి ఒక నెల ఎక్కువ వేసి సరిచేస్తారు. ఈ లెక్క పంచాంగంలో ఉంటుంది. కానీ మన జాతర ఇప్పటికీ కంటితో చూడటంతోనే మొదలవుతుంది. పుష్యమాసపు నెలవంక కనిపించాకే మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నాగోబా జాతర పనులు మొదలుపెడతారు. గోదావరి నీళ్ల కోసం కాలినడకన వెళ్లొస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ చేస్తారు. దండారీ ఆటలు కూడా దీపావళి అమావాస్యను ఆనుకునే ఉంటాయి. మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరుగుతుంది. అమావాస్యకు ఒకరు, పున్నమికి ఒకరు, అందరం చంద్రుణ్ణే గడియారంగా పెట్టుకున్నాం.

కొమురం భీం 1940లో అమరుడయ్యాడు. ఏ తేదీన అన్నదానికి ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతుంది. జోడేఘాట్‌కు వెళ్లే మనవాళ్లకు మాత్రం ఆ సందేహం లేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికే ఆయన వర్ధంతి జరుపుకుంటున్నాం. కాగితం మీద తేదీలు తేడా వచ్చినా, పున్నమి వెన్నెలను గుర్తుపెట్టుకున్న జనం తప్పిపోలేదు. ఆకాశాన్ని చూసి గుర్తుపెట్టుకోవడం కూడా చరిత్ర రాసుకోవడమే.

ఇక చుక్కలు. ఎండాకాలం రాత్రి ఉత్తరం వైపు చూస్తే ఏడు చుక్కలు మెరుస్తుంటాయి. పంచాంగం వాటిని సప్తర్షులంటుంది. యూరప్ వాళ్లు పెద్ద ఎలుగుబంటి అన్నారు. మన పెద్దలకు అందులో నాలుగు చుక్కలు ‘కట్టుల్’, అంటే మంచం. వెనకాల వంపుగా ఉన్న మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. చలికాలంలో వరుసగా కనిపించే మూడు చుక్కలు నాగలి, మన ‘నాంగేల్’. తెలుగు పల్లెల్లో కృత్తికలు పిల్లలకోడి. చుక్కలు అందరికీ అవే. ఎవరి ఇంట్లో, ఎవరి చేలో ఏముందో అదే వాళ్లకు ఆకాశంలోనూ కనిపించింది.

ఇవి కథలు మాత్రమే కావు, పనిముట్లు కూడా. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు పడమటికి జరిగినట్టు కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే నడినెత్తిన నాగలి పిడికెడు మేర జరిగిందంటే నలభై నిమిషాలు గడిచినట్టు. జొన్న చేలో మంచె మీద కాపలా ఉన్నవాడికి చేతిగడియారం లేకపోయినా రాత్రి ఎంతయిందో తెలిసేది ఇలాగే. ధ్రువ నక్షత్రం మన ఉట్నూరు వైపు ఉత్తర దిగంతానికి రెండు పిడికిళ్ల ఎత్తులో ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ అది పైకి లేస్తుంది.

ప్రతి చుక్కా రోజుకు నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. నెలకు రెండు గంటలు. అందుకే ఏ కాలానికి ఆ చుక్కలు. నాగోబా జాతర రాత్రి, భోజనాలయ్యే వేళకు, నాగలి దాదాపు నడినెత్తిన ఉంటుంది. మే నెల వచ్చేసరికి పొద్దుగూకగానే పడమట దిగిపోతుంది. జూన్‌లో సూర్యుడి వెలుగులో కలిసి అసలే కనబడదు. ఆకాశంలో నాగలి మాయమైన ఆ రోజుల్లోనే మనం మృగశిర కార్తె వానకు నేల మీద నాగలి కడతాం.

చంద్రుడి చుట్టూ గుడి కడితే పెద్దలు వాన సంగతి చెబుతారు. దూరపు గుడి అయితే వాన దగ్గర, దగ్గర గుడి అయితే వాన దూరం. పెద్ద గుడి ఎత్తైన పల్చటి మబ్బుల్లోని మంచు పలుకుల మీదుగా వెన్నెల వంగడం వల్ల ఏర్పడుతుంది. చంద్రుడి నుంచి 22 డిగ్రీల దూరంలో, అంటే చాచిన చేతి జానెడు మేర ఉంటుంది. వానను తెచ్చే మబ్బులకు ముందు తరచుగా ఇలాంటి పల్చటి మబ్బులే వస్తాయి. చంద్రుణ్ణి అంటుకున్నట్టుండే చిన్న గుడి నీటి తుంపరల వల్ల ఏర్పడుతుంది. ప్రతిసారీ వాన పడకపోవచ్చు. కానీ రెండు గుళ్లు వేరని కనిపెట్టి, తేడా గుర్తుపెట్టుకోవడం పరిశీలనే.

హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. ఆకాశమంతటినీ ఫోటో పలకల మీదికి ఎక్కించే అంతర్జాతీయ పనిలో పాలుపంచుకుని, లక్షల చుక్కల స్థానాలు కొలిచింది. గొప్ప పని. అదే రాజ్యంలో, అదే ఆకాశం కింద, ఆదిలాబాద్ అడవుల్లో చుక్కలకు వేరే పేర్లున్నాయి. అవి పుస్తకానికెక్కడానికి చాలా కాలం పట్టింది. మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో సుమారు 15 గోండు గ్రామాలు తిరిగి, పెద్దల్ని అడిగి, గోండుల ఖగోళ జ్ఞానం మీద 2013లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. మన ఆకాశ దృష్టి దేశంలోని మిగతా సంప్రదాయాల కంటే స్పష్టంగా వేరని తేల్చారు. ఆ తర్వాత కొలాములు, బంజారాల ఆకాశం మీద కూడా రాశారు.

పదిహేను ఊళ్లు ఆరంభం మాత్రమే. మన గూడేలు వందల్లో ఉన్నాయి. ఒక్కో గూడెంలో ఒక్కో పేరు, ఒక్కో కథ. బడిలో మన పిల్లలు సప్తర్షులని నేర్చుకుంటున్నారు, మంచిదే. కట్టుల్ అన్న మాట కూడా పక్కన ఉండాలి. వీధిదీపాల వెలుగు పెరిగి చిన్న చుక్కలు కనబడటం తగ్గింది. ఆరుబయట పడుకునే అలవాటూ తగ్గింది. పేరు తెలిసిన పెద్ద ఒకరు వెళ్లిపోతే ఆ చుక్క అక్కడే ఉంటుంది, పేరు మాత్రం పోతుంది.

కాబట్టి చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి. వచ్చే అమావాస్యకు ఊరి దేవారినో, పటేల్‌నో, మీ అవ్వనో వెంటబెట్టుకుని దీపాలకు దూరంగా కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఆగండి, ఫోన్ వెలుగు చూడకండి. ఏ చుక్క, ఏ వైపు, ఏ వేళ, ఏ పేరు, ఏ పని మొదలుపెట్టడానికి గుర్తు, ఈ ఐదూ గోండిలోనే రాసుకోండి. తేదీ, ఊరు పేరు వేయండి. వాళ్లు ఒప్పుకుంటే గొంతు రికార్డు చేయండి. పుస్తకంలో చూసి పెద్దల్ని సరిదిద్దకండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. ఒక్కో గూడెం నుంచి ఒక్కో కాగితం వచ్చినా మన ఆకాశ పటం తయారవుతుంది.