ఆ ఒక్క చోటు

2012 ఫిబ్రవరి 24, శుక్రవారం. ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ. లీడ్స్ వెళ్లే 9.40 బస్సు ఎక్కడానికి డగ్ పాలీ వీల్‌చైర్‌లో వచ్చాడు. లీడ్స్‌లో దిగి రైలు పట్టుకోవాలి. స్టేలీబ్రిడ్జ్ చేరి అమ్మానాన్నలతో కలిసి మధ్యాహ్నం భోంచేయాలి. అంతకుమించి రాచకార్యమేమీ లేదు.

బస్సులో వీల్‌చైర్‌కు ఉన్నది ఒకే చోటు. ఓ తల్లి అప్పటికే అక్కడ స్ట్రోలర్ నిలుపుకుని ఉంది. అందులో బిడ్డ నిద్రపోతోంది. వీల్‌చైర్ వాళ్లొస్తే ఈ చోటు ఇవ్వమని అక్కడే బోర్డూ ఉంది. డ్రైవర్ పాలీని కాస్త ఆగమని, స్ట్రోలర్ మడిచి పక్కకు జరగమని ఆమెను అడిగాడు. ఇది మడతపడదు, నేను జరగను అంది ఆమె.

పోనీ, నా కుర్చీయే మడిచేసి మామూలు సీట్లో కూర్చుంటానన్నాడు పాలీ. హక్కున్నవాడే సర్దుకోవడానికి ముందుకొచ్చాడన్నమాట! డ్రైవర్ దానికీ ఒప్పుకోలేదు. దారంతా మలుపులు, మడిచిన కుర్చీని బిగించి ఉంచే ఏర్పాటు బస్సులో లేదు. ఆ మాటలో తప్పు పట్టలేం. బస్సు వెళ్లిపోయింది. పాలీ మిగిలిపోయాడు.

తర్వాతి బస్సు ఇరవై నిమిషాలకు. ఈలోగా లీడ్స్‌లో రైలు తప్పిపోయింది. అమ్మానాన్నల దగ్గరికి చేరేసరికి గంట ఆలస్యం. గంటేగా, బస్సు తప్పిపోవడం ఎవరికి ఉండదు అనిపించవచ్చు. కానీ మనకు బస్సు తప్పితే తర్వాతిదాంట్లో నిలబడైనా పోతాం. వీల్‌చైర్ మనిషికి తర్వాతి బస్సులోనూ ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంటుందన్న పూచీ లేదు.

పాలీ ఊరుకోలేదు. బస్సు నడిపే ఫస్ట్‌గ్రూప్ మీద 2010 సమానత్వ చట్టం కింద దావా వేశాడు. తల్లి మీద కాదు, కంపెనీ మీద. జరగమని అడగాలే తప్ప పట్టుబట్టనక్కర్లేదన్న దాని పద్ధతి మీద. 2013లో లీడ్స్ కోర్టు 5,500 పౌండ్ల పరిహారం ఇమ్మంది. మరుసటి ఏడు అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2017 జనవరి 18న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చిందేమిటంటే, ఒకసారి అడిగి చేతులు దులుపుకుంటే చాలదు. ప్రయాణికులు జరగమనడంలో న్యాయం లేదని తోస్తే, వాళ్లు జరిగి తీరాలని డ్రైవర్ గట్టిగా చెప్పాలి. అవసరమైతే కొన్ని నిమిషాలు బస్సు కదల్చకుండా ఆపి, ఆ ప్రయాణికులు సిగ్గుపడేలా చేయాలి. అయితే బలవంతాన దించేయమని మాత్రం అనలేదు.

గెలిచినా పాలీకి పరిహారం రాలేదు. డ్రైవర్ ఇంకాస్త పట్టుబట్టి ఉంటే ఆమె జరిగేదేనని కింది కోర్టు తేల్చలేదు కాబట్టి ఇవ్వలేమన్నారు నలుగురు. ఇవ్వాల్సిందేనన్నారు మిగతా ముగ్గురు. నాకు ఆ ముగ్గురి మాటే సబబు అనిపిస్తుంది. జరగని పనికి రుజువు తెమ్మంటే ఎక్కణ్నుంచి తెస్తాడు?

మన పల్లెవెలుగు బస్సులో ఈ తగాదా పుట్టే వీలే లేదు. సీటు పైన ‘వికలాంగులకు’ అని రాసి ఉంటుంది. దాన్ని చేరాలంటే ఎత్తయిన మెట్లెక్కాలి. వీల్‌చైర్ కింద ఉండిపోతుంది, మనిషిని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి.

అడగడానికీ, తప్పనిసరి చేయడానికీ ఉన్న తేడా మన సుప్రీంకోర్టు ముందుకూ వచ్చింది. దివ్యాంగులకు బస్సులు, స్టేషన్లు, భవనాలు ఏ మేరకు అందుబాటులో ఉన్నాయో చూసి హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నివేదిక ఇచ్చింది. దాన్ని పరిశీలించిన కోర్టు, అందుబాటు ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగిలిపోతే చట్టానికి అర్థం లేదని 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. పాటించి తీరాల్సిన నిబంధనలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది.