చష్మా నంబరుతో ఆగని పని: ఆప్టోమెట్రీ, ప్రత్యేక లెన్సులు

కామాఠీపురా గల్లీల్లో, వర్లీ బీడీడీ చాళ్లలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు కంటి విషయంలో తెలిసిన దారులు రెండే. సైటు వస్తే చష్మా దుకాణం, మోతిబిందు ముదిరితే జేజే ఆసుపత్రో నాయర్ ఆసుపత్రో. ఈ రెండింటికీ నడుమ ఆప్టోమెట్రిస్టు ఉంటారు. చూపు పరీక్షించి నంబరు తేల్చడం, జబ్బు ఆనవాళ్లు పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం వీరి పని. ఆపరేషన్లు చేయరు. ఫ్రేములు అమ్మేవారంతా ఆప్టోమెట్రిస్టులు కారు. ఈ తేడా తెలియక ఎక్కువగా నష్టపోయేది కెరటోకోనస్ ఉన్న పిల్లలని మా అభిప్రాయం.

ఈ జబ్బులో కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, పలచబడి శంకువులా పొడుచుకొస్తుంది. తరచూ పదిహేను, ఇరవై ఏళ్ల ప్రాయంలో బయటపడుతుంది. అదేపనిగా కళ్లు నలుపుకునేవారికి ముప్పు ఎక్కువ. నంబరు మాటిమాటికీ మారుతుంది, కొత్త చష్మా పెట్టినా అక్షరాల వెనక నీడలు పోవు. దుకాణంలో మళ్లీ అద్దాలు మారుస్తారు, ఇంకో ఏడాది గడిచిపోతుంది. కార్నియా ఆకారాన్ని పటంలా చూపే టోపోగ్రఫీ పరీక్ష చేస్తే సంగతి తేలుతుంది. పెరిగే దశలోనే దొరికితే క్రాస్‌లింకింగ్ చికిత్సతో డాక్టర్లు చాలామందిలో దాన్ని ఆపగలరు. అప్పటికే చెడిన ఆకారం మాత్రం పూర్తిగా మామూలు కాదు.

అక్కడ ప్రత్యేక లెన్సుల అవసరం వస్తుంది. స్క్లీరల్ లెన్సు గట్టిది, పెద్దది. కార్నియాను తాకకుండా దానిపై గొడుగులా నిలిచి, తెల్లగుడ్డు మీద ఆనుతుంది. లోపల సెలైన్ నింపి పెట్టుకుంటారు. ఆ ద్రవమే కార్నియా ఎగుడుదిగుళ్లను పూడ్చి చూపును సరిచేస్తుంది. మందు వికటించి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చి కళ్లు ఎండిపోయినవారికి కూడా ఇది పెద్ద ఊరట. 1880ల్లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ డాక్టరు చేసిన లెన్సులూ తెల్లగుడ్డు మీద ఆనేవే. కాకపోతే గాజువి, ఎక్కువసేపు ఉంచుకోలేకపోయేవారు. ఇప్పటివి ఆక్సిజన్ చొరబడే ప్లాస్టిక్‌వి.

వీటిని అమర్చడానికి ఓపిక కావాలి. రంగుమందు వేసి, నీలి వెలుగులో చూసి, లెన్సు ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ లేస్తోందో గమనించి మారుస్తూ పోవాలి. ఒక్కసారి వెళ్తే అయిపోయేది కాదు.

చాళ్లలో ఉండేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఏ కాంటాక్ట్ లెన్సుకైనా కుళాయి నీళ్లు తగలకూడదు, డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్లు అసలే కూడదు. నీటిలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను పాడుచేస్తుంది. లెన్సు పెట్టుకున్న కన్ను ఎర్రబడి నొప్పెడితే వెంటనే తీసేసి, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఈ చదువుకు హైదరాబాద్‌తో పాత బంధమే ఉంది. 1958లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు ఆప్టోమెట్రీ స్కూళ్లలో ఒకటి అలీగఢ్‌లో, మరొకటి హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో. అప్పట్లో రెండేళ్ల డిప్లొమా. 1985లో చెన్నైలో ఎలైట్ స్కూల్ డిగ్రీ కోర్సు తెచ్చింది. అక్కడ 1989లో పట్టా పొందిన పద్మజ శంకరీదుర్గ్, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కాంటాక్ట్ లెన్సు విభాగం నడిపారు. సిడ్నీలో పీహెచ్‌డీ చేసి, పిల్లల్లో పెరిగే మయోపియా, అంటే దూరం చూపు తగ్గడంపై పరిశోధనలో ప్రపంచానికి తెలిసిన పేరయ్యారు. చష్మా నంబరు రాయడంతో మొదలయ్యే పని ఎంత దూరం పోగలదో ఇంతకంటే వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 12వ తరగతి సైన్సు తర్వాత డిగ్రీ, దానితోపాటు ఇంటర్న్‌షిప్. మన ముంబైలో జుహూలోని లోటస్ కాలేజీ ఉంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులనూ తన పరిధిలోకి తెచ్చింది. చేరేముందు పట్టా ఏ యూనివర్సిటీది, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ కాంటాక్ట్ లెన్సు క్లినిక్ ఉందా అని అడగండి.